తిరిగే షాఫ్టు మీద వంపు, మెలి

ఓడ ఇంజను నుంచి వెనుకనున్న ప్రొపెల్లరు దాకా సాగే ఉక్కు షాఫ్టు ఒకే సమయంలో మూడు రకాల భారాలను మోస్తుంది. ఇంజను తిప్పుతుంటే నీరు అడ్డుకోవడం వల్ల దానిలో మెలి, అంటే టార్క్, పుడుతుంది. సొంత బరువు, ప్రొపెల్లరు బరువు, బేరింగుల ఎత్తుల్లోని తేడాలు దానిని వంచుతాయి. ఓడను ముందుకు నెట్టే బలం దానిని పొడవునా నొక్కుతుంది. నడిచే షాఫ్టును మధ్యలో కోసి త్రాసు పెట్టలేరు గనుక, దాని ఉపరితలం ఎంత సాగిందో, ఎంత కుంచించుకుపోయిందో చూసి, ఆ భారాలను వెనుకకు లెక్కకట్టే పద్ధతి వాడుకలోకి వచ్చింది.

పొడవులో వచ్చిన మార్పును అసలు పొడవుతో భాగిస్తే వచ్చేది వికృతి. మీటరు పొడవుకు మిల్లీమీటరులో వెయ్యో వంతు మార్పు వస్తే దానిని ఒక మైక్రోస్ట్రెయిన్ అంటారు. లోహపు తీగను సాగదీస్తే దాని విద్యుత్ నిరోధం మారుతుందని, తరువాత కెల్విన్ ప్రభువుగా పేరొందిన విలియం థామ్సన్ 1856లోనే గమనించినా, ఆ తీగను వస్తువుకే అతికించి వికృతిని కొలిచే స్ట్రెయిన్ గేజి 1938 ప్రాంతంలో గాని రాలేదు. అమెరికాలో ఎడ్వర్డ్ సిమన్స్, ఆర్థర్ రూజ్ ఎవరికి వారే దానిని రూపొందించారు. నేటి గేజి ప్లాస్టిక్ పొర మీద మడతలు మడతలుగా పరచిన పలుచని లోహపు రేకు. నాలుగు నిరోధాలను చతురస్రంగా కలిపిన వీట్‌స్టన్ బ్రిడ్జిలో దానిని అమర్చితే, ఓములో పదో వంతు కూడా లేని మార్పు సైతం వోల్టేజిగా బయటపడుతుంది.

అయితే ఈ విద్యలో అసలు నేర్పు మీటరులో కాదు, గేజిని ఎక్కడ, ఏ దిశలో అతికించాలన్న దానిలో ఉంది. సుద్దముక్కను రెండు కొసలా పట్టుకుని మెలితిప్పితే అది అడ్డంగా విరగక, దాదాపు 45 డిగ్రీల వాలులో మర చుట్టులాగా విరుగుతుంది. మెలి వల్ల ఆ వాలు వెంబడి ఉపరితలం అన్నిటికన్నా ఎక్కువగా సాగుతుందని, దానికి లంబమైన వాలులో అంతే కుంచించుకుంటుందని దీని అర్థం. అందుకే టార్క్ కోసం అక్షానికి ఇరువైపులా 45 డిగ్రీలలో జంటగా రెండు గేజిలను, షాఫ్టు ఆవలి పక్కన మరో జంటను అతికించి, సాగుదల, కుదింపు ఒకదానికొకటి కలిసేలా బ్రిడ్జిలో కలుపుతారు. వంపు గాని, తోపుడు గాని, వేడి గాని ఒక జంటలోని రెండు గేజిలనూ ఒకే తీరుగా మారుస్తాయి గనుక, బ్రిడ్జిలో వాటి ప్రభావం తనంతట తానే రద్దవుతుంది.

వంపుకు గేజిలు అక్షం వెంబడే ఉండాలి. ఒక పక్క సాగితే ఎదుటి పక్క కుంచించుకుంటుంది గనుక, రెండింటి తేడాలో సగం వంపును చెబుతుంది, మొత్తంలో సగం తోపుడును చెబుతుంది. ఒక జంట ఒక్క తలంలోని వంపునే చూడగలదు. 90 డిగ్రీల దూరంలో మరో జంట ఉంటే, రెండు కొలతల వర్గాల మొత్తానికి వర్గమూలం తీసి పూర్తి వంపును పొందవచ్చు. షాఫ్టును టర్నింగ్ గేర్‌తో నెమ్మదిగా తిప్పితే ఒక చుట్టులో ఒక గేజి ఒకసారి సాగి ఒకసారి కుదించుకుని అల వంటి గీతను గీస్తుంది. ఇలా పలు చోట్ల తీసిన గీతల నుంచి ఏ బేరింగు ఎంత మోస్తున్నదో లెక్కకడతారు.

ఉదాహరణకు 500 మిల్లీమీటర్ల వ్యాసం గల షాఫ్టు నిమిషానికి 100 చుట్లతో 10 మెగావాట్లను చేరవేస్తే, దానిలోని టార్క్ సుమారు 955 కిలోన్యూటన్ మీటర్లు, 45 డిగ్రీల వాలులో వికృతి దాదాపు 240 మైక్రోస్ట్రెయిన్లు. వికృతిని టార్క్‌గా మార్చేటప్పుడు ఉక్కు దృఢతా గుణకాన్ని, అంటే మెలికి అది లొంగని తీరును చెప్పే సంఖ్యను, వ్యాసపు ఘనాన్ని గుణించాలి. వ్యాసం కొలతలో ఒక శాతం తప్పు టార్క్‌లో మూడు శాతమవుతుంది.

తోపుడు బలంతోనే అసలు చిక్కు. ఇదే షాఫ్టు మీద సుమారు 1000 కిలోన్యూటన్ల తోపుడు పడినా వికృతి 25 మైక్రోస్ట్రెయిన్లకు మించదు. ఉక్కు రెండు డిగ్రీల సెల్సియస్ వేడెక్కినా దాదాపు అంతే సాగుతుంది.