మీకు తెలుసా? బీగిల్‌కు ముక్కు చెప్పిందే వేదం

లింగంపల్లి, నల్లగండ్ల, తెల్లాపూర్ అపార్ట్‌మెంట్లలో పొద్దున్నే కుక్కల్ని తిప్పేవాళ్లను గమనించండి. తెలుపు, నలుపు, గోధుమ రంగులు కలిసిన ఒళ్లు, వేలాడే చెవులు, నేలను వదలని ముక్కు ఉన్న ఓ చిన్న కుక్క యజమానిని ముందుకు లాక్కుపోతూ కనిపిస్తుంది. అదే బీగిల్. బొమ్మలా ఉంది, బరువు పది పదకొండు కిలోలే, ఫ్లాట్‌లో ఇమిడిపోతుందని చాలామంది తెచ్చుకుంటారు. కానీ ఇది ఇంగ్లండులో కుందేళ్ల వేటకని తరతరాలుగా గుంపుల్లో పెంచిన జాతి. మన సోఫా మీద పడుకున్నా దాని మనసు ఆ వేటలోనే ఉంటుంది.

కన్ను వేరు, ముక్కు వేరు

వేటకుక్కల్లో రెండు తెగలున్నాయి. మన పొరుగున కర్ణాటకలోని ముధోల్, తమిళనాడులోని రాజపాళయం, చిప్పిపరై జాతులు కంటితో వేటాడతాయి. జంతువు కనబడగానే బాణంలా దూసుకెళ్తాయి, కనుమరుగైతే ఆగిపోతాయి. బీగిల్, బాసెట్, బ్లడ్‌హౌండ్ ముక్కుతో వేటాడతాయి. జంతువు ఎప్పుడో వెళ్లిపోయినా సరే, అది నడిచిన దారి దొరికితే చాలు, గంటల తరబడి అలుపు లేకుండా వెంటపడతాయి. పిలిస్తే రాదు, మొండిది అని బీగిల్‌ను తిట్టేవాళ్లు ఈ సంగతి గుర్తుంచుకోవాలి. వాసన దారిలో పడ్డ బీగిల్‌కు మన పిలుపు చెవికెక్కదు. మనిషి చెప్పేదాకా ఆగకుండా సొంతంగా దారి వెతుక్కోవాలనే దాన్ని అలా పెంచారు.

కుక్క సెకనుకు ఐదారు సార్లు మూచూస్తుంది. బయటికొదిలే గాలి ముక్కు పక్కనున్న చీలికల్లోంచి పోతుంది కాబట్టి, ఎదురుగా ఉన్న వాసన చెదరదు. సెల్లార్‌లో ఓ పిల్లరు దగ్గర బీగిల్ ఆగినప్పుడు చూడండి. ముందు అడుగున, తర్వాత జానెడు పైన, మళ్లీ కింద, తర్వాత పక్కకు. తెల్ల కొస ఉన్న తోక నిటారుగా లేచి ఆడుతుంటుంది. ఎత్తయిన గడ్డిలో కుక్క ఎక్కడుందో వేటగాడికి కనబడేది ఆ తెల్ల కొస వల్లే. రాత్రి ఆ పిల్లరు దగ్గర పడుకున్న పిల్లి ఎటు వెళ్లిందో దానికి తెలిసిపోయింది. మనం ‘పద పద’ అని బెల్టు లాగేస్తాం. నాకు మనసు చివుక్కుమనేది అక్కడే. అరగంట వాకింగ్‌లో కనీసం పది నిమిషాలు దాని ముక్కుకు వదిలేయండి. దూరం తగ్గినా ఫరవాలేదు. బాగా మూచూసిన బీగిల్ ఇంటికొచ్చి హాయిగా పడుకుంటుంది.

అమెరికా విమానాశ్రయంలో మామిడికాయ

పిల్లల దగ్గరికి డాలస్‌కో షికాగోకో వెళ్లే మన అమ్మానాన్నల్లో బీగిల్‌ను తొలిసారి బ్యాగేజీ బెల్టు దగ్గరే చూసేవాళ్లూ ఉన్నారు. అమెరికా వ్యవసాయ శాఖ 1984లో లాస్ ఏంజెలిస్ విమానాశ్రయంలో ‘బీగిల్ బ్రిగేడ్’ మొదలుపెట్టింది. చిన్న కుక్క కాబట్టి ప్రయాణికులు జడవరు, తిండి మీద యావ కాబట్టి చిన్న బిస్కెట్ ముక్క కోసం ఎంతసేపైనా పనిచేస్తుంది. వీటికి మొదట నేర్పే వాసనలు ఐదు: యాపిల్, నిమ్మజాతి పండ్లు, మామిడి, పంది మాంసం, గొడ్డు మాంసం. ఆ ఐదింట్లో మన మామిడి ఉందంటే చూడండి! పెట్టెలో నిషిద్ధ సరుకు ఉందని పసిగడితే మొరగదు, ఎగబడదు. ఆ పెట్టె పక్కన బుద్ధిగా కూర్చుంటుంది, అంతే.

పచ్చి కరివేపాకు కూడా అక్కడ నిషిద్ధం. కొందరు దీన్ని ఉత్త చాదస్తం అనుకుంటారు. కానీ కరివేపాకు చెట్టు మీద బతికే సిల్లిడ్ అనే బుల్లి పురుగు నిమ్మజాతి తోటలకు గ్రీనింగ్ తెగులును మోస్తుంది. 2005లో ఫ్లోరిడాలో బయటపడ్డ ఆ తెగులు అక్కడి నారింజ తోటల్ని కుదేలు చేసింది. మన బత్తాయి రైతుకూ ఆ తెగులు తెలిసిందే. విమానాశ్రయంలో ఆ కుక్క కాపాడుతున్నది ఓ రైతు తోటను.

ఆ ఊళ అపశకునం కాదు

కుక్క ఏడిస్తే ఇంటికి అరిష్టమని పెద్దవాళ్లు భయపడతారు. బీగిల్ ఊళకు కారణం వేరు. ‘దారి దొరికింది, రండి’ అని వెనకాల వచ్చే వేటగాడికి కేక వేయడానికే దానికా గొంతు. గుంపులో బతికిన జాతి కాబట్టి ఒంటరితనం అస్సలు ఓర్చుకోలేదు. భార్యాభర్తలిద్దరూ పొద్దున ఆఫీసు క్యాబ్ ఎక్కి చీకటి పడ్డాక దిగితే, మధ్యలో అది ఊళ వేస్తుంది, అసోసియేషన్ వాట్సాప్ గ్రూపు వేడెక్కుతుంది. పెంపుడు కుక్కల్ని అపార్ట్‌మెంట్లు నిషేధించకూడదని జంతు సంక్షేమ బోర్డు 2015లోనే స్పష్టం చేసింది. చట్టం మన వైపు ఉందని పక్కింటి పసిబిడ్డ నిద్ర చెడగొట్టొద్దు. ఇద్దరికీ రోజూ ఆఫీసుంటే, పగలు చూసుకునే మనిషి లేకపోతే, బీగిల్ తెచ్చుకోకండి. ఈ మాట కటువుగానే చెబుతున్నాను.

ఇప్పటికే తెచ్చుకుని ఉంటే, బయటికెళ్లే ముందు పాత తువ్వాల్లో దాని గింజల తిండి చల్లి చుట్టి ఇవ్వండి. గదిలో మూడు నాలుగు చోట్ల దాచి పెట్టినా సరే, వెతుక్కుని తింటుంది. మొయినాబాద్‌లోని పోలీసు శాఖ అకాడమీలో జాగిలాలకు శిక్షణ ఇస్తారు. ఆ జాగిలాల పనికీ మూలం ఇదే ఆట: వెతుకు, పట్టుకో, బహుమతి తీసుకో.

టెంకతో జాగ్రత్త

బీగిల్‌కు కడుపు నిండడం ఉండదు. జాలిగా చూస్తుంది, మనం పెడతాం, ఆర్నెల్లకు నడుము మాయమవుతుంది. చేత్తో తడిమితే పక్కటెముకలు తగలాలి. అలా తగలకపోతే తిండి తగ్గించాలి. ఉల్లి, వెల్లుల్లి దానికి విషం కాబట్టి సాంబారన్నం, కూరన్నం వద్దు. ఎండుద్రాక్ష, చాక్లెట్ కూడా అంతే. మే నెలలో మరో గండం మామిడి టెంక. చెత్తబుట్టలోంచి లాగి మింగితే పేగుకు అడ్డం పడి ఆపరేషన్ దాకా వెళ్లొచ్చు. మూత గట్టిగా బిగిసే బుట్ట కొనండి.

వేలాడే చెవుల్లోకి గాలి ఆడదు. వానాకాలంలో వారానికోసారి చెవి ఎత్తి వాసన చూడండి. పుల్లటి వాసన వచ్చినా, గోధుమరంగు జిగట కనబడినా డాక్టర్ దగ్గరికే, ఇంటి చిట్కాలొద్దు. గోమార్ల మందు ఏడాది పొడవునా వాడాల్సిందే, టిక్ ఫీవర్ ప్రాణం మీదికి తెస్తుంది. ఎండాకాలంలో అరచేయి ఐదు సెకన్లు రోడ్డు మీద ఆనించలేకపోతే కుక్కనూ నడిపించకండి.

తప్పిపోతే

కొండాపూర్‌లో జీహెచ్‌ఎంసీ 2018లో తెరిచిన డాగ్ పార్క్ లింగంపల్లికి పెద్ద దూరమేం కాదు. కంచె ఉన్న అలాంటి చోట తప్ప బీగిల్‌కు బెల్టు విప్పకండి. హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీ (హెచ్‌సీయూ) గోడ వెంబడి అసలే వద్దు. లోపల జింకలు, నెమళ్లు ఉన్నాయి. ఆ వాసన తగిలిందంటే ఎంత శిక్షణ ఇచ్చిన కుక్కయినా ఆగదు.

ఒకవేళ తప్పించుకుంటే అరుస్తూ వెంట పరుగెత్తకండి, ఇంకా దూరం పోతుంది. వేటగాళ్లు తరతరాలుగా పాటించే పద్ధతి ఒకటుంది. కుక్క ఎక్కడ తప్పిపోయిందో అక్కడే మీరు తొడిగిన, ఉతకని చొక్కా వదిలేయండి, పక్కన గిన్నెలో నీళ్లు పెట్టండి. వాసన దారి అయిపోయాక అది తన అడుగుల వాసన పట్టుకుని బయల్దేరిన చోటికే తిరిగి వచ్చే అవకాశం ఎక్కువ. దగ్గర్లోని వాచ్‌మన్‌కు, టీకొట్టు వాళ్లకు ఫోన్ నంబరిచ్చి, చొక్కాను ఎవరూ తీయకుండా చూడమనండి. కాలర్‌కు నంబరున్న బిళ్ల మాత్రం ఇవాళే కట్టించండి.