బొమ్మ ఒరిగితె పేరు మారుతదా?

ఏడో తరగతి పిల్లల ముంగట ఒక చతురస్రం గీయుండ్రి. పేరు ఠక్కున చెప్తరు. అదే బొమ్మను మూల మీద నిలవెట్టి గీసి అడుగుండ్రి. శానామంది "ఇది చతురస్రం కాదు సార్" అంటరు. భుజాలు మారలే, కోణాలు మారలే. మరెందుకట్ల?

నెదర్లాండ్స్‌ల లెక్కల టీచర్లయిన భార్యాభర్తలు డీనా, పియర్ వాన్ హీలె ఇదే విషయం మీద పరిశోధన చేసి 1957ల ఉట్రెక్ట్ యూనివర్సిటీకి సమర్పించిండ్రు. వాళ్లు చెప్పిందేందంటె, రేఖాగణితంల ఆలోచన మెట్లు మెట్లుగ ఎదుగుతది. మొదటి మెట్టు చూపు: తలుపు లెక్క ఉంటె దీర్ఘచతురస్రం. రెండోది గుణాలు: నాలుగు కోణాలు 90 డిగ్రీలు, ఎదురెదురు భుజాలు సమానం. మూడోది సంబంధం: ప్రతి చతురస్రం దీర్ఘచతురస్రమే ఎట్లయితదో తెలుస్తది. నాలుగోది రుజువు. ఐదోది మూల నియమాలనే మార్చి చూసుడు, అది పెద్ద చదువుల మాట.

ఈ మెట్లు వయసుతోని వాటంతటవే రావు, నేర్పే తీరును బట్టి వస్తయి. నడుమ మెట్టు దుంకనీకి లేదు. సారు నాలుగో మెట్టు మీద రుజువు చెప్తుంటె, పిల్లగాడు మొదటి మెట్టు మీద నిలవడి వింటడు. సమజ్ కాదు. ఇగ బట్టీ పడుతడు. పదోతరగతి పాసయినా "నాకు లెక్కలు రావు" అనుకుంట డిప్లొమా దిక్కు చూడనే చూడడు. నష్టం ఎవలిది?

మన ఊర్లల్ల రేఖాగణితం లేదా? పునాది మూల సక్కగ ఉందా అని మేస్త్రి ఒకదిక్కు 3 అడుగులు, ఇంకోదిక్కు 4 అడుగులు కొలిచి, అడ్డంగ 5 వస్తుందా చూస్తడు. పైథాగరస్ సిద్ధాంతం ఆడనే ఉంది. అమ్మ చుక్కలు పెట్టి ముగ్గేస్తె సౌష్టవం వాకిట్లనే కనవడుతది. పాఠం ఈడికెంచి షురూ కావాలె.

బొమ్మను మనసుల తిప్పి చూసే శక్తి పుట్టుకతోనే ఆగిపోయేది కాదు, సాధనతోని పెరుగుతది. అమెరికాల మిషిగాన్ టెక్ యూనివర్సిటీల షెరిల్ సోర్బీ 1993ల ఇంజినీరింగ్ పిల్లలకు దీనికోసమే కోర్సు పెట్టి చూపింది. రీజనింగ్ పేపర్ల పాచికలు, మడిచిన కాగితం ప్రశ్నలకు పనికొచ్చేది గీ శక్తే.

అందుకే తమ్ముండ్లు, చెల్లెండ్లు, ఒక అట్టముక్క, కత్తెర తీసుకోండ్రి. ఘనాన్ని విప్పితె 11 రకాల వలరూపాలు వస్తయి. ఎన్ని దొరుకుతయో మీ ఇంట్ల చిన్నోళ్లతోని కూసొని కత్తిరించుండ్రి. జవాబు మీరే చెప్పకుండ్రి, "ఎందుకట్ల?" అని అడుగుండ్రి.