పాటల సీడీలో ఫైళ్లుండవు

లినక్స్ కంప్యూటర్లో పాటల సీడీ పెట్టి, ఫొటోల సీడీలాగే మౌంట్ చేయబోతే సిస్టమ్ మొండికేస్తుంది. డిస్కు పాడైందేమోనని తీసి తుడవనక్కర్లేదు. అందులో అసలు ఫైళ్లే లేవు. ఫిలిప్స్, సోనీ కలిసి 1980లో ఖాయం చేసిన ప్రమాణంలో ఫైలు, ఫోల్డరు అన్న ఊసే లేదు. ఉన్నదల్లా సెకనుకు 44,100 సార్లు కొలిచిన ధ్వని. డిస్కు లోపలి అంచున, ఏ పాట ఎక్కడ మొదలవుతుందో చెప్పే చిన్న పట్టిక.

లినక్స్‌తో సహా యూనిక్స్ కుటుంబం వాళ్లకు అన్నీ ఫైళ్లే. సీడీ డ్రైవు కూడా /డెవ్/ఎస్ఆర్0 అనే ఫైలుగా కనిపిస్తుంది. తెరవొచ్చు గానీ, మామూలుగా చదవబోతే పాట రాదు. అందుకే ప్రోగ్రామర్లు ఐఆక్టల్ అనే పక్కదారి పట్టాలి. చదవడం, రాయడం అన్న రెండు పనుల్లో ఇమడని ఆదేశాలను పరికరానికి చేరవేసే సిస్టమ్ కాల్ ఇది. దీంతో పట్టిక తెప్పించుకోవచ్చు, ట్రే తెరిపించవచ్చు, మూడో పాట వాయించమనొచ్చు.

ఆ వాయించడంలోనూ ఒక తమాషా ఉంది. పాత డ్రైవుల్లో పాట ప్రాసెసర్ గడప తొక్కేదే కాదు. డ్రైవే దాన్ని అనలాగ్ సంకేతంగా మార్చి, సన్నటి వైరు గుండా నేరుగా సౌండ్ కార్డుకు పంపేది. ఆ వైరు తగిలించకపోతే ప్రోగ్రాం ఎంత చక్కగా రాసినా స్పీకర్లు పలికేవి కావు.

అసలు చిక్కు పాటను హార్డ్ డిస్కులోకి దించుకునేటప్పుడు వస్తుంది. సీడీ మీద ఒక సెకను 75 సెక్టార్లు. డేటా సీడీ సెక్టారులో మన సమాచారం 2,048 బైట్లే. మిగతా చోట సెక్టారు చిరునామా, తప్పులు దిద్దే అదనపు బైట్లు ఉంటాయి. ఆడియో సీడీ మాత్రం సెక్టారులోని మొత్తం 2,352 బైట్లనూ ధ్వనికే ఇచ్చేసింది. ఉదారమే, కానీ దానికి మూల్యం ఉంది: ఫలానా సెక్టారు నుంచి చదవమంటే డ్రైవు కాస్త ముందో వెనకో అందుకోవచ్చు. అలా వచ్చిన ముక్కలను అతికిస్తే అతుకు దగ్గర టిక్కుమంటుంది.

క్రిస్ మాంట్‌గొమరీ రాసిన సీడీపారనోయా అనే ప్రోగ్రాం డ్రైవు మాటను నమ్మదు. ప్రతి ముక్కనూ వెనకటి దానిమీదికి కొంత వచ్చేలా చదివి, రెండింటికీ ఉమ్మడైన శాంపిళ్లు (ధ్వని కొలతలు) సరిపోలిన చోటే కలుపుతుంది. పోలకపోతే మళ్లీ చదువుతుంది. గీతలు పడ్డ డిస్కయితే ఓపిక పట్టాల్సిందే.

ఇక పాటల పేర్లు. చాలా సీడీల్లో అవీ ఉండవు. అందుకే సీడీడీబీ అనే సేవ పాటల ఆరంభ సమయాలు, మొత్తం నిడివి, పాటల లెక్క కలిపి 32 బిట్ల సంఖ్య ఒకటి కట్టి, ఇంటర్నెట్‌లోని జాబితాలో వెతికించేది. వేర్వేరు సీడీలకు ఒకే సంఖ్య రావడం కూడా కద్దు. అప్పుడు, వాటిలో ఏదో చెప్పమని ప్రోగ్రాం పాటలు వినేవాళ్లనే అడగాల్సి వచ్చేది.