ఫస్ట్ రీలంతా బేస్‌మెంటే!

"ఇల్లు కట్టి చూడు, పెళ్ళి చేసి చూడు" అన్నారు పెద్దలు. ఇందులో రెండో సగాన్ని విజయా వారు 1952లోనే 'పెళ్ళి చేసి చూడు' అని సినిమా తీసేసి, ఎల్.వి. ప్రసాద్ గారి దర్శకత్వంలో జనాన్ని కడుపుబ్బ నవ్వించారు. మొదటి సగం మాత్రం అంత నవ్వులాట సబ్జెక్టు కాదు. నమ్మకం లేకపోతే నాతోపాటు తాండూరు దాకా రండి. మా అన్న ఇంటి ముందు కాసేపు నిలబడండి... క్షమించాలి, ఇల్లు ఇంకా లేదు. బేస్‌మెంట్ ముందు నిలబడండి!

బేస్‌మెంట్ అనగానే మీబోటి సినీప్రియులకి ఏం గుర్తొస్తుందో నాకు తెలుసు. నేలమాళిగ! విలన్‌గారి డెన్! వేలాడే బల్బు, కుర్చీకి కట్టేసిన హీరో చెల్లెలు, మెట్ల మీద బూట్ల చప్పుడు... ఇంగ్లీషు సినిమాలు చూసేవాళ్ళకైతే అందులో దయ్యం కూడా ఉంటుంది. నాలుగు ఆస్కార్లు కొట్టిన కొరియా చిత్రం 'పారసైట్' (2019) చూశారా? అందులో పేద కుటుంబం ఉండేది సగం నేలలోకి దిగిన ఇంట్లో. వాన పడితే వీధి నీళ్ళన్నీ వాళ్ళ ఇంట్లోకే!

ఆ దేశాల్లో అలా ఎందుకు తవ్వుకుంటారంటే, దానికీ ఒక కారణం ఉంది. చలిదేశాల్లో శీతాకాలంలో నేల పైపొర గడ్డకట్టి ఉబ్బుతుంది. పునాది ఆ పొర కిందికి దిగాలి. ఎలాగూ అంత లోతు తవ్వుతున్నాం కదా అని అక్కడే ఓ గది వేసేసుకుంటారు. మన పల్లెల్లో కథ తిరగబడింది. మా వికారాబాద్ జిల్లాలో ఏ మేస్త్రీని అడిగినా బేస్‌మెంట్ అంటే కిందికి దిగేది కాదు, పైకి లేచేది. పునాది మీద నేలకి రెండు మూడడుగుల ఎత్తున కట్టి, మధ్యలో మట్టి నింపి, గట్టిపరిచిన దిమ్మె. వాన నీళ్ళు, పాములు, చెదలు ఇంట్లోకి రాకుండా ఇంటిని భుజాన మోసే మనిషన్నమాట. తెర మీద ఒక్క ఫ్రేములో కూడా కనపడడు పాపం!

'మాయాబజార్' (1957)లో ఘటోత్కచుడి శిష్యులు చిటికెలో విడిది లేపారు. గోఖలే, కళాధర్ గార్ల కళాదర్శకత్వం చూసి నోళ్ళు వెళ్ళబెట్టాం. ఆ విడిదికి బేస్‌మెంట్ ఎవరు వేశారని ఎవరైనా అడిగారా? సెట్టింగు ఇంటికి స్టూడియో ఫ్లోరే పునాది. షూటింగ్ అయ్యేదాకా నిలబడితే చాలు. అసలింటికి ఆ వెసులుబాటు లేదే!

ఎర్రనేల, నల్లనేల

హైదరాబాద్ నుంచి రైల్లో వస్తుంటే వికారాబాద్ దగ్గర నేల ఎర్రగా ఉంటుంది. అనంతగిరి గుట్టలు, మూసీ నది పుట్టినచోటు, సినిమా యూనిట్లు వ్యాన్లు దించుకునే అడవి అంతా అక్కడే. మొరం నేల. పునాదికి మంచి స్నేహితుడు. నలభై కిలోమీటర్లు పడమరకి పోయి తాండూరులో దిగండి, సీను మారిపోతుంది. పొలాలన్నీ నల్లరేగడి. తాండూరు కందిపప్పుకి ఆ పేరు తెచ్చిపెట్టిన నేల ఇదే. 2022లో ఆ కందికి భౌగోళిక గుర్తింపు కూడా వచ్చింది.

అయితే కందికి కన్నతల్లి అయిన ఈ రేగడి, ఇంటి విషయానికొచ్చేసరికి సూర్యకాంతమ్మగారి అత్త పాత్ర! వానాకాలం నీళ్ళు తాగి ఉబ్బుతుంది. ఎండాకాలం ముడుచుకుపోయి, చెయ్యి పట్టేంత నెర్రెలు ఇస్తుంది. దానిమీద కూర్చున్న ఇల్లు ఏడాదికోసారి లేస్తుంది, ఏడాదికోసారి దిగుతుంది. రెండేళ్ళు తిరిగేసరికి గోడకి పగులు. అందుకే ఇక్కడ గట్టినేల తగిలేదాకా తవ్వాలి. బేస్‌మెంట్ లోపల నింపే మట్టి మాత్రం రేగడి కాకూడదు, మొరమే కావాలి. ఈ చివరి ముక్క గుర్తుంచుకోండి, మన కథలో మలుపు ఇక్కడే ఉంది.

ఫైనాన్సియర్ షరతు

మా అన్న తాండూరులో ఒక బండల పాలిషింగ్ యూనిట్‌లో పనిచేస్తాడు. తాండూరు బండ తెలియని తెలుగువాళ్ళుండరు. కోట్ల ఏళ్ళ కిందటి సముద్రం అడుగున పొరలు పొరలుగా పేరుకున్న సున్నపురాయి. నీలం ఒకటి, పసుపు ఒకటి. పొరలుగానే విడివడుతుంది. ఈసారి మీ ఊరి పాత థియేటర్‌కి వెళ్ళినప్పుడు, టికెట్ల క్యూలో నిలబడి ఒకసారి కిందికి చూడండి. మీ కాళ్ళ కింద ఈ బండో, దీని చుట్టం షాబాదు బండో ఉండొచ్చు.

రోజుకి వందల అడుగుల బండ నునుపు చేసే మా అన్న ఇంట్లో నేల మాత్రం పేడతో అలికిన నేలే. మట్టిగోడల ఇల్లు. మా అమ్మ కాపురానికి వచ్చిన ఇల్లు. పోయిన వానల్లో వెనకగోడ కూలితే, మిగిలింది మేమే దింపేశాం. పక్కన రేకుల షెడ్డు వేసుకుని అమ్మ, అన్న, వదిన, ఇద్దరు పిల్లలు అందులోకి మారారు.

2025లో వదిన పేరు మీద ఇందిరమ్మ ఇల్లు మంజూరయింది. 400 నుంచి 600 చదరపు అడుగుల లోపు కట్టుకోవాలి. ప్రభుత్వం ఇచ్చేది 5 లక్షలు, నాలుగు విడతల్లో. మొదటి విడత 1 లక్ష. ఎప్పుడిస్తారు? బేస్‌మెంట్ పూర్తయ్యాక! అంటే మొదటి రీలు సొంత డబ్బుతో తీసి చూపిస్తేనే ఫైనాన్సియర్ చెక్కు మీద సంతకం పెడతాడన్నమాట. ఏ కొత్త నిర్మాతని కదిపినా ఈ బాధే చెబుతాడు. కానీ ఆ నిర్మాతకి రాత్రిళ్ళు పడుకోవడానికి ఒక ఇల్లుంటుంది. వీళ్ళకి ఆ ఇల్లే సినిమా!

వదిన మహిళా సంఘంలో అప్పు తీసుకుంది. చెవుల కమ్మలు తాకట్టుకి వెళ్ళాయి. నేను రాసిన వ్యాసాలకి రావలసిన బాకీలన్నీ వసూలు చేసి తెచ్చాను (ఎంతో అడక్కండి, ఫ్రీలాన్సర్ పరువు పోతుంది).

షెడ్డులో సంసారం సంగతి చెప్పాలి. అందులో చుక్క కారని మూల ఒక్కటే ఉంది. ఆ మూల అమ్మకి ఇవ్వాలనుకున్నాం. చివరికి దాన్ని సిమెంటు బస్తాలు ఆక్రమించాయి. సిమెంటు తడిస్తే రాయి, అమ్మ తడిస్తే తుడుచుకోవచ్చు అని అమ్మే అంది. పొయ్యి ఒక పక్క, ఇనుప చువ్వల కట్ట ఒక పక్క. వదిన పప్పు పోపు వేస్తుంటే తిరగమాత వాసనతోపాటు సిమెంటు దుమ్ము. పెద్దపిల్ల ఇటుకల మీద పలక పెట్టుకుని లెక్కలు చేసుకునేది. మధ్యమధ్యలో మేస్త్రీ "బిడ్డా, గా లెవలు గొట్టం ఇటు పట్టు" అని పిలిచేవాడు.

మట్టి మట్టే గదన్నా!

ఇప్పుడు లెక్క చూడండి. ఇంటి కొలత 20 అడుగులకి 30. బేస్‌మెంట్ రెండున్నర అడుగులు నింపాలంటే 1500 ఘనపుటడుగులు. గోడల మందం పోను 1300 అనుకోండి. ట్రాక్టర్ ట్రక్కుకి సుమారు వంద పడుతుంది. పదమూడు ట్రిప్పుల మొరం. దిమ్మిస కొడితే దిగిపోతుంది కాబట్టి ఇంకో మూడు.

ఏడు ట్రిప్పులు బాగానే వచ్చాయి. ఎనిమిదోది వచ్చేసరికి చేతిలో డబ్బులు సన్నగిల్లాయి. ట్రాక్టరతను ఓ సలహా చెప్పాడు. ఊరి చివర ఎవరో బావి తవ్విస్తున్నారట, ఆ మట్టి సగం ధరకే తెచ్చి పోస్తాడట. "మట్టి మట్టే గదన్నా! పైన బండలేసినంక ఎవడు చూస్తడు?" అన్నాడు. ఆ రోజు మేస్త్రీ రాలేదు. బండల మధ్యే పుట్టి పెరిగిన మా అన్న... ఏమనుకున్నాడో ఏమో, సరే అన్నాడు. నల్లరేగడి ఆరు ట్రిప్పులు లోపల పడింది. నేను అక్కడే ఉన్నాను. నేనూ నోరెత్తలేదు. ఆ పూట నా జేబు కూడా ఖాళీయే మరి.

జూన్‌లో ఒక రాత్రి వాన దంచి కొట్టింది. పొద్దున లేచి చూస్తే తూర్పు మూల జానెడు కుంగిపోయి ఉంది. మేస్త్రీ వచ్చాడు. మాటా పలుకూ లేదు. గడ్డపార తీసుకుని ఒక్క పోటు పొడిచాడు. పెరుగులో గరిటె దిగినట్టు దిగిపోయింది. దాన్ని అలాగే నిలబెట్టి వదిలేసి, బీడీ ముట్టించాడు.

"దీని మీద బండలేస్తే యాడాది తిరగకముందే ఎగుడుదిగుడైతయ్ తమ్మీ. ఒక బండ నవ్వుతది, ఒక బండ ఏడుస్తది. పైసలు పెట్టి ఏడ్పు కొనుక్కుంటరా?" అన్నాడు.

వదిన అన్న మొహం వైపు చూసింది. తిట్టలేదు. తిడితే బాగుండేదని తర్వాత అన్నే నాతో చెప్పాడు. ఆమె కొంగు బిగించి, తట్ట అందుకుని లోపలికి దిగింది. అంతే!

మూడు రోజులు! ఆరు ట్రిప్పుల తడిమట్టి తోడిపోశాం. అన్న రెండు రోజుల కూలి వదులుకున్నాడు. కలం తప్ప మరొకటి పట్టని నా అరచేతులు బొబ్బలెక్కాయి. సినిమాల్లో అయితే ఇలాంటి చోట ఓ గ్రూప్ సాంగు పెట్టి, అందరూ నవ్వుతూ తట్టలందిస్తుంటే నాలుగు నిమిషాల్లో పని పూర్తిచేయిస్తారు. మేం మొదటి గంట తర్వాత ఒకరితో ఒకరం మాట్లాడుకోలేదు.

మళ్ళీ మొరం వచ్చింది, మళ్ళీ అప్పుతోనే. ఈసారి మేస్త్రీ అక్కణ్ణుంచి కదల్లేదు. అరడుగు పొయ్యడం, నీళ్ళు పట్టడం, దిమ్మిస కొట్టడం. మళ్ళీ అరడుగు. ఒక్కసారే నింపి పైన కొడితే దెబ్బ అడుగు పొరకి అందదట. గడ్డపార పొడిస్తే ఖంగుమని వెనక్కి ఎగరాలి, అదీ పరీక్ష. ఆ చప్పుడు వినపడిన సాయంత్రం మా అమ్మ అందరికీ టీ పెట్టింది. మేస్త్రీకి రెండు గ్లాసులు.

హీరోయిన్ మా వదిన

బేస్‌మెంట్ పూర్తయిందని రుజువు కావాలిగా! ఇంటి యజమానురాలు ముందు నిలబడగా ఫోటో తీయాలి. ఫోటో తీసింది ఎక్కడో, ఎప్పుడో కూడా ఫోన్‌లోని యాప్‌లో పడిపోతుంది, డూపు పెట్టడానికి వీల్లేదు. ఆ రోజు వదిన పెట్టె అడుగునుంచి ఆకుపచ్చ చీర తీసింది. చిన్నాడు దువ్వెన పట్టుకుని "అమ్మా, మేకప్!" అని ఒకటే గోల. బోసి చెవులు కనపడకుండా కొంగు కప్పుకుంది. "నవ్వమ్మా" అన్నాడు ఫోటో తీసే కుర్రాడు. "బేస్‌మెంట్‌ను తియ్యి సారూ, నన్నెందుకు" అంది గానీ నవ్వింది. నేను ఎందరో తారల ఇంటర్వ్యూలకి వెళ్ళాను. ఆ నవ్వుకి రీటేకు అక్కర్లేదు.

లక్ష వచ్చింది. వచ్చింది వచ్చినట్టే ఇటుకలకీ, ఇసుక రవాణాకీ, ట్రాక్టర్ బాకీకీ పోయింది. కమ్మలు ఇంకా తాకట్టులోనే ఉన్నాయి. రెండో విడత కోసం గోడలు లేవాలి. ఇప్పుడు నడుస్తున్నది ఆ షెడ్యూలే.

అన్నట్టు మా అన్న ఫ్లోరింగు లెక్క కూడా కట్టేశాడు. గోడలు పోను లోపల 480 చదరపు అడుగులు. రెండడుగుల చదరం బండలు 120 చాలు. పసుపా, నీలమా అని నేను అడగనే లేదు, "నీలం" అన్నాడు. యూనిట్‌లో కొత్త లాటు దిగినప్పుడల్లా ఓ బండని వేలి కణుపుతో తట్టి చూస్తాడట. ఖంగుమంటే మంచి బండ. డబ్బని మోగితే లోపల జీర ఉన్నట్టు. కొనడానికి ఇంకా ఎన్ని నెలలుందో తెలియదు, తట్టడం మాత్రం మానడు.

ఇంతలో ఆ బేస్‌మెంట్‌ని పిల్లలు తమ సొంతం చేసుకున్నారు. రెండున్నర అడుగుల ఎత్తు, 20కి 30 చదును, ముందు రెండు మెట్లు... ఇంతకన్నా మంచి స్టేజీ ఏ ఊళ్ళో ఉంది? సాయంత్రమయ్యేసరికి వాడకట్టు పిల్లలంతా చేరతారు. వంటగది రావలసిన చోట విలన్, దేవుడి మూల హీరో. పడకగదిలో ఫైటింగు. మొన్న నేను వెళ్ళేసరికి మా చిన్నాడు, లేవబోయే గోడ కోసం కట్టిన పురికొసని లేజర్ కిరణంలా దాటుకుంటూ స్లో మోషన్‌లో నడిచి వస్తున్నాడు. పెద్దపిల్ల ఇటుకని మైకులా పట్టుకుని టైటిల్స్ చదువుతోంది. దర్శకత్వం ఫలానా, ఛాయాగ్రహణం ఫలానా... నిర్మాత దగ్గరికొచ్చేసరికి ఆగి, షెడ్డు వైపు చూసి, "మా అమ్మ!" అని అరిచింది.

నేను చప్పట్లు కొడుతూ మెట్టెక్కబోయాను. వెనకనుంచి మా అన్న కేక...

"అరే తమ్మీ, అంచు మీద అడుగెయ్యకు! పొద్దుగాలనే అక్కడ గోడ మొదలువెట్టినం. ఇంకా పచ్చిగుంది!"