కోడిపిల్లలు గూటికి ఎప్పుడు?

అక్కా! వనరాజా పిల్లలు కొని తెచ్చావు. వాటికి తల్లికోడి లేదు. బల్బు వేడే వాటికి తల్లి. మరి గూట్లోకి ఎప్పుడు మార్చాలి?

మన తనకల్లులో పగలు ఎండ కాస్తుంది. చలికాలం రాత్రి వణికిస్తుంది. పగటి ఎండ చూసి తొందరపడొద్దు. ఎండాకాలం 4 వారాలు, చలికాలం 6 వారాలు పట్టొచ్చు. వారాల లెక్క కంటే ఈకలు ముఖ్యం. పిల్లను చేతిలోకి తీసుకొని చూడు. ఒంటిమీద ఇంకా నూగే ఉంటే ఆగాలి. ఈకలు నిండితే ఒక రాత్రి బల్బు ఆర్పి చూడు. గుంపుగా ముడుచుకొని కీచుకీచుమంటే చలి పుట్టినట్టే. బల్బు మళ్ళీ వెయ్యి. లేకుంటే ఒకదానిమీద ఒకటి ఎక్కుతాయి, కిందివి ఊపిరాడక చస్తాయి. డబ్బు పెట్టి కొన్నవి కదా! విడివిడిగా పడుకుంటే మార్చొచ్చు.

గూట్లో పొడి శనక్కాయ పొట్టు పరువు. గాలివాటున గోనెపట్ట కట్టు. పైన సందు వదులు.