చెప్పకుండానే తలుపు తెరుచుకుంటుంది!

గుట్టు బయటికి చెప్పకూడదు. కానీ, ఆ గుట్టు మనకి తెలుసని అవతలివాళ్లు నమ్మాలి. ఇదేం పొడుపుకథ అంటారా? ఇంట్లో కొత్తరకం వైఫై ఉన్నవాళ్ల ఫోన్లు రోజూ విప్పుతున్న పొడుపుకథే ఇది!

అలీబాబా కథ గుర్తుందిగా! దొంగల నాయకుడు గుహ ముందు నిలబడి గట్టిగా మంత్రం చదివాడు. రాతి తలుపు తెరుచుకుంది. చెట్టెక్కి దాక్కున్న అలీబాబా చెవిన ఆ మాట పడింది. అంతే... కొండంత సొత్తు కట్టెలు కొట్టుకునేవాడి పాలైంది. తలుపు గట్టిదే. మంత్రమూ మంచిదే. దాన్ని పైకి చదవాల్సి రావడమే వచ్చిన చిక్కు.

కంప్యూటర్లదీ అదే బాధ. పాస్‌వర్డ్‌ని ఉన్నదున్నట్టు పంపిస్తే దారి కాచినవాడు పట్టేసుకుంటాడు. పోనీ, పాస్‌వర్డ్‌నే తాళంచెవిగా చేసి, కబురుకి తాళం వేసి పంపితే? అక్కడే ఉంది మెలిక. మనం పెట్టుకునే పాస్‌వర్డులు ఎలా ఉంటాయి? పిల్లాడి పేరు, పుట్టిన సంవత్సరం, లేదంటే ఫోన్ నంబరు! దొంగ ఆ కబురుని కాపీ చేసుకుని ఇంటికెళతాడు. తీరిగ్గా కూర్చుని ఒక్కో మాటా పెట్టి చూస్తాడు. తప్పయితే పిచ్చిగీతలు వస్తాయి. సరైనదైతే చక్కటి వాక్యం కనిపిస్తుంది. నాలుగంకెల పిన్ అయితే మొత్తం ఉండేవి 10,000. కంప్యూటర్‌కి అది రెప్పపాటు పని. ఈ పద్ధతినే 'డిక్షనరీ దాడి' అంటారు.

2004లో వచ్చిన డబ్ల్యూపీఏ2 రకం వైఫైకి ఉన్న బలహీనత ఇదే. ఫోను వైఫైకి తగులుకునేటప్పుడు రెండింటి మధ్యా నాలుగు కబుర్లు నడుస్తాయి. వాటిలో పాస్‌వర్డ్ ఉండదు. కానీ, ఊహించిన పాస్‌వర్డ్ తప్పో ఒప్పో తేల్చుకోవడానికి సరిపడా సరుకు ఉంటుంది. వీధిలో నిలబడి ఆ కబుర్లు పట్టుకున్నవాడు మిగతా పని ఎక్కడైనా చేసుకోవచ్చు. పాస్‌వర్డ్ పదంకెల మొబైల్ నంబరైతే, మంచి గ్రాఫిక్స్ కార్డున్న కంప్యూటర్‌కి అది గంటల పనే.

పారాణి రహస్యం

దీనికి విరుగుడు దొరకడానికి ముందు మరో చిక్కుముడి విడిపోవాల్సి వచ్చింది. ముందుగా ఏ మాటా అనుకోని ఇద్దరు, నలుగురూ వింటుండగానే మాట్లాడుకుని ఒక రహస్యాన్ని తయారుచేసుకోగలరా? గలరని 1976లో అమెరికాలోని విట్‌ఫీల్డ్ డిఫీ, మార్టిన్ హెల్‌మన్ నిరూపించారు. పసుపూ సున్నం కలిపితే పారాణి అవుతుంది. కలపడం క్షణం పని. అందులోంచి పసుపునీ సున్నాన్నీ విడదీయడం ఎవరి తరం? లెక్కల్లో అలాంటి 'పారాణి'నే వాళ్లు పట్టుకున్నారు. ఈ కృషికే 2015 సంవత్సరపు ట్యూరింగ్ అవార్డు అందుకున్నారు.

అయితే ఇందులోనూ ఓ లోటుంది. అవతల ఉన్నది అసలు మనిషా, ఆ పేరు చెప్పుకున్న దొంగా? ఇది తెలిసే దారి లేదు. మధ్యలో దూరినవాడు ఇటు ఒక రహస్యం, అటు ఒక రహస్యం కలిపేసుకుని అన్నీ వినొచ్చు.

రెండూ కలిస్తే...

1992లో బెల్ ల్యాబ్స్‌కి చెందిన స్టీవెన్ బెలోవిన్, మైఖేల్ మెరిట్ ఈ రెండు చిక్కుల్నీ ఒకే దెబ్బతో తీర్చారు. వాళ్లు చేసిందల్లా ఒక్కటే... పాస్‌వర్డ్‌తో మాటలకి తాళం వేయడం మానేసి, ఆ 'పారాణి' అంకెకి తాళం వేశారు. ఆ అంకె ఎలాగూ అర్థంపర్థం లేనిదే. ఇప్పుడు దొంగ ఏ పాస్‌వర్డ్ పెట్టి తెరిచినా ఏదో ఒక అంకె వస్తుంది. ఏది అసలో, ఏది నకిలీయో ఎలా తేలుతుంది? తేలదు! ఇంటికెళ్లి తీరిగ్గా ఊహించే దారి మూసుకుపోయింది.

ఇక మిగిలింది ఎదురుగా నిలబడి ప్రయత్నించడం. ఒక్కో ప్రయత్నానికి ఒక్క ఊహే. ఏటీఎంలో మూడుసార్లు పిన్ తప్పు కొడితే కార్డు ఆగిపోతుందే, అలా ఇక్కడా కట్టడి పెట్టొచ్చు. సరైన పాస్‌వర్డ్ ఉన్న ఇద్దరికి మాత్రం చివర్లో చాలా పెద్ద కొత్త తాళంచెవి దొరుకుతుంది. ఆపై మాటలన్నీ దాంతోనే.

వాట్సప్‌లోనూ అదే

2018లో ప్రకటించిన డబ్ల్యూపీఏ3 వైఫైలో ఈ కోవకే చెందిన పద్ధతి వచ్చింది. అదీ మచ్చలేనిదేం కాదు. లెక్క చేయడానికి యంత్రం తీసుకునే సమయాన్ని కొలిచి పాస్‌వర్డ్ ఆనవాళ్లు పట్టొచ్చని 2019లో మ్యాథీ వాన్‌హోఫ్, ఎయాల్ రోనెన్ చూపించారు. దాంతో తయారీదారులు సవరణలు చేయాల్సి వచ్చింది.

వాట్సప్ 2021లో తెచ్చిన 'ఎండ్ టు ఎండ్ ఎన్‌క్రిప్టెడ్ బ్యాకప్' కూడా ఈ కుటుంబంలోదే. మనం పెట్టిన పాస్‌వర్డ్ ఆ సంస్థకీ తెలియదు. తప్పు ప్రయత్నాలు హద్దు దాటితే తాళంచెవి శాశ్వతంగా అందకుండా పోతుంది. మర్చిపోయామంటే గుహలో మంత్రం మరిచి చిక్కుకున్న కాసిం గతే... పాత ఫొటోలూ కబుర్లూ లోపలే ఉండిపోతాయి!

చేసి చూడండి!

పిల్లలతో సరదాగా ఈ లెక్క చేయించండి. అందరికీ తెలిసిన అంకెలు: 2, 11.

* రాధ మనసులో 3 అనుకుంది. రెండుని మూడుసార్లు వేసి గుణిస్తే 8. పదకొండుతో భాగిస్తే శేషం 8. రవికి అదే చెప్పింది.
* రవి 4 అనుకున్నాడు. రెండుని నాలుగుసార్లు వేసి గుణిస్తే 16. శేషం 5. రాధకి చెప్పాడు.
* రాధ ఆ 5ని మూడుసార్లు వేసి గుణించింది: 125. పదకొండుతో భాగిస్తే శేషం 4.
* రవి ఆ 8ని నాలుగుసార్లు వేసి గుణించాడు: 4,096. శేషం... అదీ 4!

ఇద్దరికీ దొరికిన 4 ఎవరి నోటా రాలేదు. అసలు లెక్కల్లో వందల అంకెలున్న సంఖ్యలు వాడతారు కాబట్టే వినేవాళ్లు కనిపెట్టలేరు.

ఒక్క సంగతి మాత్రం మర్చిపోవద్దు. ఇంత లెక్కా దారిలో కాపు కాసిన దొంగ కోసమే. బ్యాంకు నుంచంటూ ఫోన్ చేసినవాడికి మనమే పిన్ చదివి వినిపిస్తే ఏ గణితమూ కాపాడలేదు. అలీబాబాలు ఇప్పుడు చెట్టెక్కక్కర్లేదు మరి... ఒక్క ఫోన్ చేస్తే చాలు!