పెర్సీ జాక్సన్ రెండో పుస్తకం: పిల్లలేమంటున్నారు, పెద్దలేమంటున్నారు?

"మా వాడికి రామాయణం చెప్తానంటే నిద్రొస్తుందంటాడండీ. ఆ గ్రీకు దేవుళ్ళ పుస్తకమిస్తే మాత్రం అన్నం కూడా అక్కర్లేదు!"

హారిస్ పార్క్ లో, విగ్రమ్ స్ట్రీట్ మీద ఏ దోశల హోటల్లో నలుగురు తెలుగువాళ్ళు కలిసినా ఈ మాట ఎవరో ఒకరు అనక మానరు. ఆ గ్రీకు దేవుళ్ళ పుస్తకం దాదాపు ఎప్పుడూ పెర్సీ జాక్సనే అయ్యుంటుంది. అందులో రెండోదైన 'ద సీ ఆఫ్ మాన్‌స్టర్స్' ఆధారంగా 2025 డిసెంబర్‌లో టీవీ సిరీస్ రెండో సీజన్ మొదలవడంతో, ఆ పుస్తకం మళ్ళీ పిల్లల స్కూలు బ్యాగుల్లోకొచ్చింది. దీని గురించి మన ఇళ్ళల్లో ఏమనుకుంటున్నారో తెలుసుకుందామని తెలిసిన పిల్లల్నీ, వాళ్ళ అమ్మానాన్నల్నీ అడిగాను. పుస్తకం నేనూ చదివాను. రెండు పక్షాల మాటా వినిపించి, చివర్లో నాకు తోచింది చెబుతాను.

ముందు కథేమిటో...

రచయిత రిక్ రియోర్డన్ అమెరికాలో టెక్సస్ వాడు, చాలా ఏళ్ళు బడిపంతులుగా పనిచేశాడు. ఆయన కొడుక్కి డిస్లెక్సియా, ఏడీహెచ్‌డీ ఉన్నాయని తేలింది. ఆ పిల్లాడికి రాత్రిపూట చెప్పిన కథే 2005లో మొదటి పుస్తకంగా వచ్చింది. హీరో పెర్సీకీ ఆ రెండు ఇబ్బందులూ ఉన్నాయి. వాడికి ఇంగ్లీషు అక్షరాలు ఎందుకు నిలవవంటే, వాడి బుర్ర ప్రాచీన గ్రీకు భాష కోసం తయారైందట! సముద్రదేవుడు పొసైడాన్ కొడుకు కదా మరి. ఇంట్లో ఒక భాష, బడిలో ఒక భాషగా పెరిగే మన పిల్లలకి ఈ ఊహ ఎందుకు నచ్చుతుందో వేరే చెప్పాలా?

రెండో పుస్తకం 2006లో వచ్చింది. పెర్సీకిప్పుడు పదమూడేళ్ళు. దేవతల సంతానం తలదాచుకునే శిబిరానికి కాపలాగా ఉన్న దేవదారు చెట్టుకి ఎవరో విషం పెట్టారు. చెట్టు చచ్చిపోతే రాక్షసులు లోపలికొచ్చేస్తారు. దాన్ని బతికించగలిగింది ఒక బంగారు గొర్రెతోలు. అది పాలిఫీమస్ అనే ఒంటికన్ను రాక్షసుడి దీవిలో ఉంది. పెర్సీ స్నేహితుడు గ్రోవర్ కూడా అక్కడే బందీ. ఇక ప్రయాణం మొదలు!

పిల్లల మాట

ఎక్కువమంది పిల్లలు చెప్పింది ఒకటే: "ఫాస్ట్ గా ఉంటుంది అంకుల్." నిజమే, మొదటి పుస్తకం కంటే ఇది బాగా చిన్నది. మాంత్రికురాలు సర్సీ పెర్సీని గినీ పిగ్ గా మార్చేసే చోట అందరూ నవ్వామన్నారు. చెట్టు బతికాక చివరి పేజీల్లో వచ్చే మలుపు గురించి మాత్రం "మీరు చదివారా లేదా, ముందది చెప్పండి" అని అడిగిగానీ నోరు విప్పలేదు! అందుకని నేనూ ఇక్కడ చెప్పడం లేదు.

కాస్త పెద్దపిల్లలకి ఫిర్యాదులున్నాయి. హైస్కూల్లో హోమర్ కథలు చదివిన ఒకమ్మాయి, "ఇదంతా ఒడిస్సీయే కదా, కొత్తేముంది?" అంది. ఆ అమ్మాయి పట్టుకున్నది సరైన చోటే. మనుషుల్ని జంతువులుగా మార్చే సర్సీ, పాటతో ప్రాణం తీసే సైరెన్లు, స్కిల్లా, కరిబ్డిస్, "నా పేరు ఎవరూకాదు" అని ఒంటికన్ను రాక్షసుణ్ణి బోల్తా కొట్టించడం... అన్నీ ఒడిస్సీ లోవే. గొర్రెతోలేమో జేసన్ కథలోది. రియోర్డన్ పాత సరుకే తెచ్చాడు గానీ చేతులు మార్చాడు. సైరెన్ల పాట వినడానికి ఒడిస్సియస్ ఓడ స్తంభానికి కట్టించుకుంటే, ఇక్కడ ఆ పని చేసేది అనబెత్ అనే ఆడపిల్ల. ఆ పాటలో ఆమెకి కనిపించేది విడిపోయిన అమ్మానాన్నలు మళ్ళీ కలిసి కూర్చున్న దృశ్యం. ఇది హోమర్ రాసింది కాదు, ఈ కాలపు పిల్లల మనసులోది.

పెద్దల మాట

పెద్దల అభ్యంతరాలు ముఖ్యంగా రెండు. మొదటిది, "దేవుళ్ళేంటి, పెళ్ళిళ్ళు లేకుండా ఊరికో బిడ్డని కనడమేంటి?" అని. అడిగినవారిని తప్పుపట్టను గానీ, ఒక్కసారి మహాభారతం గుర్తు తెచ్చుకుందాం. కర్ణుడు సూర్యుడి కొడుకు, ధర్మరాజు యముడి కొడుకు, భీముడు వాయువు కొడుకు, అర్జునుడు ఇంద్రుడి కొడుకు. రియోర్డన్ శిబిరంలో చేర్చుకోవాల్సిన పిల్లలు మన దగ్గరే బోలెడుమంది! ఈ పోలిక ఇతరులకీ తట్టింది. రియోర్డన్ పేరిట నడిచే ప్రచురణ శ్రేణిలో 2018లో వచ్చిన మొట్టమొదటి పుస్తకం, రోషనీ చోక్షీ రాసిన 'ఆరు షా అండ్ ది ఎండ్ ఆఫ్ టైమ్'. అందులో పాండవుల ఆత్మలు ఈ కాలపు పిల్లలుగా పుడతాయి.

రెండోది, "గ్రీకు కథలు తలకెక్కితే మన కథలకి చోటుండదు" అన్న భయం. హార్డ్ డిస్క్ నిండిపోయినట్టు పిల్లల బుర్ర నిండిపోతుందని నేననుకోను. ఒక పురాణం రుచి తెలిసినవాడికి ఇంకో పురాణం అందుకోవడం తేలిక. కాకపోతే అందించేవాళ్ళుండాలి.

అసలు సంగతి టైసన్

ఈ పుస్తకానికి ప్రాణం గొర్రెతోలూ కాదు, సముద్రమూ కాదు, టైసన్. పెర్సీ స్కూల్లో ఒక పెద్ద కుర్రాడు ఉంటాడు. ఇల్లూ వాకిలీ లేనివాడు, మాట సరిగ్గా రానివాడు, అందరూ ఏడిపించేవాడు. పెర్సీ వాణ్ణి వెనకేసుకొస్తుంటాడు. తీరా శిబిరానికి వెళ్ళాక తెలుస్తుంది, వాడు ఒంటికన్ను రాక్షసజాతి వాడని. అంతటితో ఆగితే బాగుండును. వాడూ పొసైడాన్ కొడుకే, అంటే పెర్సీకి సవతి తమ్ముడు!

శిబిరమంతా పగలబడి నవ్వుతుంది. స్కూల్లో వాడికోసం దెబ్బలాడిన పెర్సీకే ఇప్పుడు తల కొట్టేసినట్టవుతుంది. సొంత తమ్ముడేం కాదు, ఏదో దూరపు వరస అన్నట్టు తప్పించుకోవాలని చూస్తాడు. టైసన్ కి ఇవేవీ పట్టవు. "అన్న దొరికాడు" అన్న సంబరంలో ఉంటాడు. వాడు పనిమంతుడు కూడా, లోహంతో ఏదైనా చేయగలడు. అన్నకోసం వాచీలో ఇమిడిపోయే డాలు తయారుచేస్తాడు. వాడు చనిపోయాడనుకున్నప్పుడుగానీ పెర్సీకి వాడి విలువ తెలిసిరాదు.

పిల్లలకి టైసన్ ఎందుకిష్టమని అడిగితే, ఏడో క్లాసు అబ్బాయొకడు ఇలా అన్నాడు: "మా తాతయ్య స్కూల్ గేటు దగ్గరకి పంచెతో వస్తే నేను కొంచెం దూరంగా నడిచేవాణ్ణి." అంతకుమించి ఏమీ అనలేదు.

ఇదండీ, ఈ పుస్తకంలో మన ఇళ్ళకి సంబంధించిన సంగతి. నలుగురిలో మనవాణ్ణి మనవాడని చెప్పుకోవడం పరాయిదేశంలో పెరిగే పిల్లలకి రోజూ ఎదురయ్యే పరీక్ష. లంచ్ బాక్సులో పులిహోర, ఫోన్లో గట్టిగా తెలుగు మాట్లాడే అమ్మమ్మ, రోల్ కాల్ లో టీచర్ పలకలేక ఆగిపోయే ఇంటిపేరు... అన్నీ టైసన్లే. పరీక్ష పెద్దలకీ ఉంది. బిడ్డకి డిస్లెక్సియా అని తెలిస్తే, సాయం అడగడానికి ముందు "నలుగురికీ తెలిస్తే ఎలా?" అనుకునే ఇళ్ళు మనలో లేవంటారా?

మన ఘటోత్కచుడో!

ఇక్కడే మనవాళ్ళు ఒకడుగు ముందున్నారు. ఘటోత్కచుడు హిడింబి కొడుకు, రాక్షసుడే. 'మాయాబజార్' లో అడవిలో ఎదురైన అభిమన్యుడితో ముందు తలపడినా, వరస తెలియగానే అన్నదమ్ములైపోతారు. దూరపు వరసని నసగడాలు లేవు. 1957 నుంచి ఇప్పటిదాకా మనమంతా ఎస్వీ రంగారావుని చూసి "మనవాడే" అని మురిసిపోతూనే ఉన్నాం కదా!

ఇంకో తమాషా. రాక్షసుడి దీవిలో గ్రోవర్ పెళ్ళికూతురి వేషంలో ఉంటాడు. కంటిచూపు సరిగాలేని పాలిఫీమస్ పెళ్ళికి తొందరపడుతుంటే, పెళ్ళిబట్ట నేస్తున్నానని గడువు పెంచుతుంటాడు. పగలు నేసింది రాత్రి విప్పడం ఒడిస్సీలో పెనెలొపీ ఎత్తు. దొంగ పెళ్ళికూతురేమో అచ్చంగా మన శశిరేఖ వేషంలోని ఘటోత్కచుడే! అక్కడ రాక్షసుణ్ణి మోసం చేస్తే, ఇక్కడ రాక్షసుడే మోసం చేస్తాడు. ఈ ఒక్క పోలిక చెప్పి చూడండి, 'మాయాబజార్' నలుపు తెలుపు సినిమా అని మొహం తిప్పుకున్న పిల్లలు కూడా కూర్చుంటారు.

కాబట్టి నా సలహా చిన్నది. మీ పిల్లలు ఈ పుస్తకం చదువుతుంటే లాక్కోకండి. వీలైతే మీరూ చదవండి. పరమాటా స్క్వేర్ లోని లైబ్రరీ మనకి నాలుగడుగుల దూరమే. చదివాక "కథ బాగుందా?" అని కాకుండా, "మనింట్లో టైసన్ ఎవర్రా?" అని అడగండి. వాళ్ళు చెప్పే జవాబు వినడానికి కాస్త ఓపిక, ధైర్యం ఉంచుకోండి. ఆ తర్వాత ఘటోత్కచుడి కథ మొదలుపెడితే, నిద్రొస్తోందని ఎవరూ అనరు!